పదిమందిలో ఒంటరి ఆట

ఎంఎంఓఆర్‌పీజీ అని పిలిచే ఆటల్లో వేలమంది ఒకే ఊహాలోకంలోకి ఒకేసారి దిగుతారు. ఒకరు కత్తి పడతారు, ఒకరు మంత్రం వేస్తారు, ఇంకొకరు గాయాలు మాన్పుతారు. అలాంటి చోట ఎవరితోనూ కలవకుండా తన దారిన తాను తిరిగే ఆటగాణ్ణి చూస్తే పాతవాళ్లకు ఒళ్లు మండుతుంది. ఒంటరిగా ఆడేవాడికి ఆన్‌లైన్ దేనికి, ఇంట్లో కూర్చుని ఆడుకునే గేమ్‌లు బోలెడున్నాయి కదా అంటారు. ఒకప్పుడు అందరూ కలిసే ఆడేవారని, తర్వాత కంపెనీలు డబ్బు కోసం ఒంటరివాళ్లను చేరదీసి ఆటను పాడుచేశాయని వాళ్ల నమ్మకం. ఇందులో సగమే నిజం. ఒంటరి ఆటగాడు మొదటినుంచీ ఉన్నాడు. మధ్యలో పోయింది వేరే ఉంది.

అమెరికాలో ఇలినాయ్ విశ్వవిద్యాలయం పాఠాలు చెప్పడానికి ప్లేటో అనే కంప్యూటర్ వ్యవస్థను నిర్మించింది. ఒక పెద్ద యంత్రం, దానికి తగిలించిన టెర్మినళ్లు వందల్లో. 1973 నాటికే అందులో నలుగురూ కబుర్లు చెప్పుకోవడానికి టాకోమాటిక్ అనే ప్రోగ్రాం ఉంది. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్‌ల డంజన్స్ అండ్ డ్రాగన్స్ వచ్చింది. స్నేహితులు బల్ల చుట్టూ చేరి కాగితం, పెన్సిలు, పాచికలతో ఆడే ఆట అది. మరుసటి ఏడాదే రస్టీ రూథర్‌ఫర్డ్ ఆ నమూనాలో ప్లేటో తెరమీదికి ఒక ఆట తెచ్చాడు. చదువుల కోసం పెట్టిన యంత్రంలో ఆట కనబడితే నిర్వాహకులు చెరిపేస్తారు. అందుకని ఏదో పాఠంలా కనిపించే ఫైలు పేరు కింద దాచాడు. ఆ పేరే ఆటకూ మిగిలింది: పెడిట్5. బల్ల దగ్గర నలుగురు లేనిదే సాగని ఆట, వందలమంది కలిసి వాడే యంత్రంలోకి వచ్చేసరికి ఒక్కడి ఆట అయింది. అదే వ్యవస్థలో 1977లో ఊబ్లియెట్, 1979లో అవతార్ వచ్చాయి. వాటిలో ఒక్కడే రాక్షసులుండే నేలమాళిగలోకి దిగితే బతికి బయటపడడం కష్టం, జట్టు కట్టాలి. అంటే ఆరేళ్లు తిరక్కముందే కబుర్ల గది, ఒంటరి ఆట, జట్టు ఆట మూడూ ఒకే యంత్రంలో పుట్టాయి.

సముద్రానికి అవతల, ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో 1978లో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి మడ్ అనే, పలువురు కలిసి ఆడే ఆట రాయడం మొదలుపెట్టాడు. 1980లో దాన్ని రిచర్డ్ బార్టిల్ చేతికి అప్పగించాడు. బొమ్మల్లేవు, అంతా అక్షరాలే. నిధులు వెతికి తెచ్చి చిత్తడినేలలో పడేస్తే పాయింట్లు వచ్చేవి. యంత్రానికి వేరే పని లేని రాత్రివేళల్లో బయటివాళ్లను కూడా ఆడనిచ్చేవారు. అక్కడ ఏం చేయాలో ఎవరూ నిర్దేశించలేదు కాబట్టి మనుషులు తమ తమ స్వభావాలు బయటపెట్టుకున్నారు. పాయింట్లు కూడబెట్టేవాళ్లు, మూలమూలలూ వెతికేవాళ్లు, కబుర్లకే వచ్చేవాళ్లు, ఎదుటివాణ్ణి ఏడిపించి ఆనందించేవాళ్లు అని బార్టిల్ వాళ్లను నాలుగు రకాలుగా విడదీసి 1996లో వ్యాసం రాశాడు. ఆ వ్యాసం ఇప్పటికీ గేమ్ డిజైనర్లకు పాఠ్యాంశమే. నాకు అందులో నచ్చేది ఒకటే. మొదటి రెండు రకాలవాళ్లను బార్టిల్ దారితప్పినవాళ్లుగా చూడలేదు. కబుర్లవాళ్లు ఎంత సహజమో వాళ్లూ అంతే సహజం, ఒకరు పెరిగితే ఇంకొకరు తగ్గుతారు, లోకం నిలబడాలంటే ఆ పాళ్లు చూసుకోవాలి అన్నాడు.

ఆ పాళ్లలోనే తర్వాత దారి చీలింది. 1989లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ యాస్ప్‌నెస్ టైనీమడ్ తయారుచేశాడు. అందులో పాయింట్లు లేవు, లెవెళ్లు లేవు. ఎవరైనా గది కట్టుకోవచ్చు, వచ్చినవాళ్లతో మాట్లాడుకోవచ్చు. ఇంచుమించు అదే సమయంలో కోపెన్‌హాగన్ విశ్వవిద్యాలయ విద్యార్థులు డికూమడ్ రాశారు. ఇది పూర్తిగా యుద్ధాలు, లెవెళ్లు, ఆయుధాల ఆట. యోధుడు, వైద్యుడు, మాంత్రికుడు, దొంగ ఎవరి పని వాళ్లది. తర్వాత వచ్చిన పెద్ద ఆటలు చాలావరకు డికూమడ్ వారసులే.

మధ్యలో 1997 సెప్టెంబరులో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ మాత్రం ఇంకో ప్రశ్న వేసింది: పక్కవాడు స్నేహితుడే అవుతాడని ఎవరన్నారు? రొట్టెలు కాల్చుకుని, బట్టలు కుట్టుకుని బతకగల లోకం అది. ఊరి పొలిమేర దాటితే చాలు, తోటి ఆటగాళ్లే చంపి దోచుకునేవారు. పరీక్షా దశలో సృష్టికర్త రిచర్డ్ గారియట్ స్వయంగా రాజు వేషంలో వస్తే, ఒక ఆటగాడు ఆయన్నే మంటల్లో కాల్చేశాడు. చివరికి 2000లో లోకాన్ని రెండుగా చీల్చారు. ఒకదానిలో ఇష్టం లేకుండా ఎవరినీ చంపడానికి వీల్లేదు. జనం ఎక్కువగా అటే తరలిపోయారు. సాంగత్యం కావాలని వచ్చినవాళ్లు కూడా ఎవరికి దూరంగా ఉండాలో ఎంచుకునే హక్కు అడుగుతారని అప్పుడే తేలింది.

అసలు కథ 1999 మార్చి 16న విడుదలైన ఎవర్‌క్వెస్ట్‌ది. బ్రాడ్ మెక్వేడ్, స్టీవ్ క్లోవర్ దాని రూపశిల్పులు. డికూమడ్ నియమాలకు త్రీడీ బొమ్మలు తొడిగితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. ఆటగాళ్ల సంఖ్య నాలుగు లక్షలు దాటింది. ఇందులో మనిషికి మనిషి అవసరం అడుగడుగునా పడుతుంది. దెబ్బలు కాచుకునేవాడు ఒకడు, మాన్పేవాడు ఒకడు, శత్రుమూకను నిద్రపుచ్చేవాడు ఒకడు. చచ్చిపోతే కత్తీ కవచం శవం మీదే ఉండిపోతాయి. కట్టుబట్టలతో మళ్లీ అక్కడికి వెళ్లి తెచ్చుకోవాలి. దారిలో రాక్షసులుంటే? ఎవరినో బతిమాలాలి. దూరపు ఊరికి పోవాలంటే మంత్రాలు తెలిసిన డ్రూయిడ్‌నో విజర్డ్‌నో వెతికి, నాలుగు డబ్బులు చేతిలో పెట్టి మంత్రంతో పంపమనాలి.

అంతకంటే ముఖ్యమైనది ఎదురుచూపు. ఒక పోరాటం అయ్యాక మంత్రశక్తి మళ్లీ నిండడానికి నిమిషాల తరబడి కూర్చోవాలి. మొదట్లో అలా ధ్యానంలో కూర్చున్నంతసేపూ మంత్రాల పుస్తకం తెరంతా కప్పేసేది, చుట్టూ ఏం జరుగుతోందో కనబడేది కాదు. కనబడేది చాట్ పెట్టె ఒక్కటే. ఇంకేం చేస్తారు? మాట్లాడుకున్నారు. ఏ ఊరు, ఏం చదువు, పిల్లలెందరు, రాత్రి ఎందుకు నిద్రపట్టలేదు. కొనుగోళ్లూ అంతే. అమ్మడానికి అంగడి లేదు కనుక చాలా సర్వర్లలో, అంటే ఆ లోకపు నకళ్లలో, ఈస్ట్ కామన్‌ల్యాండ్స్ అనే ప్రాంతంలోని ఒక సొరంగంలో జనం తమంతట తామే సంత పెట్టుకున్నారు. అరిచి అమ్మేవాళ్లు, బేరమాడేవాళ్లు, ఏమీ కొనకుండా ఊరికే నిలబడి చూసేవాళ్లు. ఆ లోకంలో స్నేహాలు పుట్టింది కత్తులు దూసినప్పటికంటే కత్తులు పక్కన పెట్టి కూర్చున్నప్పుడే ఎక్కువ అని నేను గట్టిగా నమ్ముతాను.

అంత కట్టుదిట్టమైన ఆటలోనూ ఒంటరివాళ్లు దారి కనిపెట్టారు. డ్రూయిడ్‌లు శత్రువు కాళ్లకు మంత్రంతో బంధం వేసి, మెల్లగా చంపే విషమంత్రం ప్రయోగించి, అందకుండా పరుగెడుతూ ఒక్కరే పని కానిచ్చేవారు. నెక్రోమాన్సర్‌కు అస్థిపంజరమే తోడు. డిజైనర్లు తలుపులు మూసినచోట వీళ్లు కిటికీలు వెతికారు. వీళ్లలో చాలామంది మనుషులంటే గిట్టనివాళ్లేం కాదు. పసిపిల్ల ఎప్పుడు లేస్తుందో తెలియని తల్లి, డ్యూటీకి మధ్య అరగంట దొరికిన ఉద్యోగి ఐదుగురికి మాటిచ్చి మధ్యలో లేచిపోలేరు. జట్టు కావాలంటే చేతిలో గంటల కొద్దీ తీరిక ఉండాలి. కలిసి ఆడడమే గొప్ప అనేవాళ్లు ఈ సంగతి మరిచిపోతారు.

2001 డిసెంబరులో ఎవర్‌క్వెస్ట్‌కే బజార్ వచ్చింది. సరుకు పెట్టి, పాత్రను అక్కడే వదిలి లేచిపోవచ్చు, కొనేవాడు వెతుక్కుని కొనుక్కుంటాడు. ఆటగాళ్లు సంతోషించారు, సొరంగం ఖాళీ అయింది. 2008లో కంప్యూటర్ నడిపే అద్దె సిపాయిలు వచ్చారు. వైద్యుడు కావాలంటే మనిషిని వెతకనక్కర్లేదు, కిరాయికి దొరుకుతాడు. జట్టు తప్పనిసరి అన్న ఆటే తొమ్మిదేళ్లకు ఆ పట్టు సడలించింది.

2003 జూన్‌లో వచ్చిన స్టార్ వార్స్ గెలాక్సీస్‌లో డిజైనర్ రాఫ్ కోస్టర్ ఇంకో అడుగు ముందుకేశాడు. యుద్ధంలో అలసిపోయిన మనసు కుదుటపడాలంటే క్యాంటీనా అనే మధుశాలకు వెళ్లి, అక్కడ ఆటగాళ్లే నాట్యం చేస్తూ వాయిద్యాలు వాయిస్తుంటే కూర్చుని చూడాలి. కత్తి పట్టకుండా నర్తకిగా, సంగీతకారుడిగా జీవితమంతా గడపవచ్చు. నా దృష్టిలో ఆన్‌లైన్ ఆటల చరిత్రలో ఇంత అందమైన ఆలోచన అరుదు. కానీ అలసట తీర్చుకోవడం తప్పనిసరి అయ్యేసరికి, తనంతట తాను నడిచే మాక్రో పెట్టి పాత్రను నాట్యం చేయనిచ్చి తాము భోజనానికి వెళ్లిపోయేవాళ్లు పుట్టుకొచ్చారు. క్యాంటీనా నిండా జనం, కుర్చీ ముందు ఎవరూ లేరు. 2005 నవంబరులో ఆట నియమాలను సమూలంగా మార్చేశారు, 2011 డిసెంబరులో మూసేశారు.

ఈలోగా 2004 నవంబరు 23న వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వచ్చింది. దాన్ని తయారుచేసిన బ్లిజార్డ్ జట్టులో ఎవర్‌క్వెస్ట్ ఆడి ఆడి దాని బాధలన్నీ తెలిసినవాళ్లున్నారు. మొదట్లో కొన్ని లెవెళ్ల వరకే క్వెస్ట్‌లు, అంటే ఆటగాడికి అప్పగించే పనులు, రాసి, తర్వాత పాత పద్ధతిలో రాక్షసులను చంపుకుంటూ పోతారులే అనుకున్నారు. లోపల పరీక్షించినవాళ్లు క్వెస్ట్‌లు అయిపోగానే ఆట చెడిపోయిందన్నారు. దాంతో చివరి లెవెల్ దాకా రాయాల్సి వచ్చింది. ఫలితంగా ఏ పాత్రతోనైనా, ఎవరి సాయమూ అడగకుండా పైదాకా వెళ్లగలిగారు. 2010 అక్టోబరుకు చందాదారులు కోటీ ఇరవై లక్షలు దాటారు.

వీళ్లంతా లోపల ఏం చేస్తున్నారని పాలో ఆల్టోలోని పార్క్ పరిశోధనశాలలో నికొలస్ డ్యూషెనో, నిక్ యీ తదితరులు సర్వర్ల సమాచారం తీసి లెక్కలు కట్టారు. 2006లో వచ్చిన వాళ్ల పరిశోధనాపత్రం, చివరి లెవెల్‌కు దగ్గరయ్యేదాకా ఆటగాళ్లు ఎక్కువ సమయం ఒంటరిగానే గడుపుతున్నారని చెప్పింది. మరి ఆన్‌లైన్ ఎందుకు? పక్కవాళ్లు వీళ్లకు జట్టుగా పనికిరాకపోయినా ప్రేక్షకులుగా, కాలక్షేపంగా, కోలాహలంగా పనికొస్తున్నారు. సంపాదించిన గుర్రం ఎక్కి నగరం నడిబొడ్డున తిరిగితే చూడడానికి నలుగురుండాలి. టీకొట్టు దగ్గర ఓ పక్కన పేపరు చదువుకునేవాడు ఎవరితోనూ మాట్లాడడు, అయినా టీ ఇంటికి తెచ్చుకోడు. నలుగురి మధ్య ఒంటరిగా ఉండాలన్న ఈ కోరికను పరిశోధకులు గుర్తించడం ఒంటరి ఆటగాడికి దక్కిన మొదటి గౌరవం అనుకుంటాను.

అందుకే నా ఫిర్యాదు వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ క్వెస్ట్‌ల మీద కాదు, 2009 డిసెంబరులో వచ్చిన డంజన్ ఫైండర్ మీద. అంతకుముందు రాక్షసులుండే నేలమాళిగకు, అంటే డంజన్‌కు వెళ్లాలంటే చాట్‌లో కేకవేయాలి, నలుగురిని పోగేయాలి, ద్వారం దాకా నడవాలి. సొమ్ము కాజేసి పారిపోయినవాడి పేరు సర్వరంతా పాకిపోయేది. నిదానంగా గాయాలు మాన్పే వైద్యుడి పేరూ అలాగే పాకేది. ఫైండర్ వేర్వేరు సర్వర్ల వాళ్లను బటన్ నొక్కితే ఏరి, నేరుగా లోపల దించింది. ఐదుగురూ పని ముగించి మాట లేకుండా విడిపోతారు, మళ్లీ ఎదురుపడరు. ఒంటరిగా తిరిగేవాడు కనీసం తన ఊరి జనాన్ని గుర్తుపట్టేవాడు. ఇక్కడ జట్టులో ఉండీ ఎవరూ ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత దారులు చాలా పుట్టాయి. 2012లో వచ్చిన గిల్డ్ వార్స్ 2లో కలిసి కొట్టిన అందరికీ ఫలితం దక్కేలా చేశారు. ముక్కూమొహం తెలియనివాడు వచ్చి చేయి వేస్తే నష్టం లేదు, లాభమే. ఫైనల్ ఫాంటసీ 14లో 2019 నుంచి కంప్యూటర్ నడిపే తోడు పాత్రలతో డంజన్లు ఆడుకోవచ్చు. అదే ఆటలో కూడళ్ల దగ్గర సంగీత బృందాలు కట్టి కచేరీలు చేసేవాళ్లకూ కొదవలేదు. రూన్‌స్కేప్ కథ ఇంకా చిత్రం. ఎవరితోనూ ఇచ్చిపుచ్చుకోకుండా అన్నీ సొంతంగా సంపాదించాలని కొందరు తమకు తామే నియమం పెట్టుకున్నారు. 2014లో కంపెనీ దాన్ని ఐరన్‌మ్యాన్ అని అధికారిక పద్ధతి చేసి, చాట్‌లో వాళ్ల పేరు పక్కన ఒక శిరస్త్రాణం గుర్తు పెట్టింది. ఆ గుర్తుకు విలువ ఉండాలంటే చూసేవాళ్లుండాలి! 2021లో దానికి గ్రూప్ ఐరన్‌మ్యాన్ కూడా వచ్చింది.

ఒంటరిగా కనిపించేవాళ్లంతా ఒంటరివాళ్లు కారు. కండరాలు క్షీణించే డుషెన్ వ్యాధితో నార్వే యువకుడు మాట్స్ స్టీన్ 2014లో, ఇరవై అయిదేళ్లకే చనిపోయాడు. గదిలో కంప్యూటర్ ముందే బతికిన కొడుక్కి స్నేహితులే లేరని అమ్మానాన్నలు కుమిలిపోయారు. మరణవార్తను అతని బ్లాగులో పెడితే ఎక్కడెక్కడి నుంచో ఉత్తరాలు వచ్చిపడ్డాయి. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో ఇబెలిన్ అనే పాత్రగా అతను ఎందరి కష్టసుఖాలు విన్నాడో అప్పుడు తెలిసింది. ఆటలో అతనున్న గిల్డ్ అనే బృందం సభ్యులు వేరే దేశాల నుంచి అంత్యక్రియలకు వచ్చారు. బెంజమిన్ రీ తీసిన డాక్యుమెంటరీలో ఆ చాట్‌ల నుంచి మళ్లీ నిర్మించిన సన్నివేశాలున్నాయి. వాటిలో యుద్ధాలు తక్కువ, కూర్చుని మాట్లాడుకోవడం ఎక్కువ.

2019 ఆగస్టులో బ్లిజార్డ్ తన ఆట పాత రూపాన్ని క్లాసిక్ పేరుతో మళ్లీ తెరిచింది, ఫైండర్ లేకుండా. జనం క్యూలు కట్టారు. 2022లో ఫైండర్ పుట్టిన విస్తరణనే తిరిగి విడుదల చేస్తూ, మనుషుల మధ్య బంధాలు చెడతాయని ఫైండర్‌ను పక్కన పెట్టింది. 2023 జూన్‌లో, ఆటగాళ్లు అడుగుతుండగా, దాన్ని మళ్లీ చేర్చింది. ఎవర్‌క్వెస్ట్ రూపశిల్పి మెక్వేడ్ జట్టు ఆటనే నమ్ముకుని పాంథియన్ అనే కొత్త లోకం మొదలుపెట్టి, అది పూర్తికాకుండానే 2019 నవంబరులో కన్నుమూశాడు. 2024 డిసెంబరులో అతని సహచరులు దాన్ని ప్రాథమిక రూపంలో విడుదల చేశారు. ఇటు అభిమానులు నడిపే ప్రాజెక్ట్ 1999 సర్వర్‌లో తొలినాటి ఎవర్‌క్వెస్ట్ ఇంకా సాగుతోంది, 2015లో హక్కుదారులే దానికి అనుమతి ఇచ్చారు. అక్కడ బజార్ లేదు. అమ్మేవాళ్లు సొరంగంలోనే అరుస్తున్నారు, డ్రూయిడ్‌లు ఒంటరిగానే పరుగెడుతున్నారు.