వెన్ను డిస్కు జబ్బు, మూర్ఛ కలిసి వచ్చిన కుక్క: సంరక్షణ

వెన్నుపూసల మధ్య మెత్తలా ఉండాల్సిన డిస్కు చెడి, చోటు తప్పి, వెన్నుపామును నొక్కితే కుక్కకు నడుం పట్టేస్తుంది, వెనక కాళ్లు తడబడతాయి, ఒక్కోసారి పూర్తిగా చచ్చుబడతాయి. దీన్ని వెన్ను డిస్కు జబ్బు అంటారు. మెదడులో విద్యుత్ సంకేతాలు ఉన్నట్టుండి అదుపు తప్పి మళ్లీ మళ్లీ ఫిట్స్ వస్తుంటే అది మూర్ఛ. ఒకటి ఇంకోదానికి కారణం కాదు. అయినా రెండూ ఒకే కుక్కలో కనబడటం వింతేమీ కాదు, పొట్టి కాళ్ల జాతుల్లో కొన్నిటికి రెండు ముప్పులూ పుట్టుకతోనే వస్తాయి. మనవాళ్లు డాషౌండ్ అని పిలిచే డాక్స్‌హుండ్, బీగిల్ అలాంటివే. ఇటువంటి కుక్కకు వెన్నుకొక వైద్యం, తలకొక వైద్యం అని విడివిడిగా నడిపితే రెండూ సరిగా సాగవు. ఒకదాని లక్షణం ఇంకోదానిలా కనబడుతుంది, ఒకదాని మందు ఇంకోదాన్ని కదిలిస్తుంది. అందుకే ఏ మందు వేసినా, ఏ కట్టడి పెట్టినా అది రెండో జబ్బును ఏం చేస్తుందో ముందే చూసుకోవాలన్నది ఈ వ్యాసం వాదన.

డిస్కును తాటి ముంజెతో పోల్చుకోవచ్చు. చుట్టూ పీచు వలయం, లోపల నీరు పట్టిన జిగురు గుజ్జు. డాక్స్‌హుండ్ వంటి జాతుల్లో ఆ గుజ్జు ఏడాది వయసుకే ఎండి గట్టిపడుతుంది, తర్వాత అందులో సున్నం పేరుకుంటుంది. సాధారణంగా 3 నుంచి 7 ఏళ్ల మధ్య వలయం చిట్లి, గట్టిపడిన ముద్ద వెన్నుపాము మీదికి తన్నుకొస్తుంది. స్వీడన్‌కు చెందిన హాన్సెన్ 1952లో దీన్ని మొదటి రకంగానూ, వయసు మళ్లిన కుక్కల్లో వలయమే మెల్లగా ఉబ్బడాన్ని రెండో రకంగానూ విడదీశాడు. ఆ విభజనే ఇప్పటికీ వాడుకలో ఉంది. 12వ క్రోమోజోములో అదనంగా చేరిన ఎఫ్‌జీఎఫ్4 అనే జన్యు ప్రతి వల్లే డిస్కులు ఇంత తొందరగా ముదురుతున్నాయని 2017లో డేవిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు చూపారు. డాక్స్‌హుండ్లలో నాలుగైదింటికి ఒకటి జీవితకాలంలో ఈ బాధ పడుతుందని అంచనా. పక్కటెముకలు ముగిసి నడుం మొదలయ్యే చోటే ఎక్కువగా దెబ్బ తగులుతుంది.

మూర్ఛకు నిర్వచనాలు 2015లో అంతర్జాతీయ పశువైద్య మూర్ఛ కార్యదళం స్థిరపరిచింది. 24 గంటలకు మించిన ఎడంతో, బయటి కారణమేదీ లేకుండా, కనీసం రెండుసార్లు ఫిట్స్ వస్తేనే ఆ పేరు పెట్టాలి. మొదటి ఫిట్ 6 నెలల నుంచి 6 ఏళ్ల లోపు వచ్చి, మధ్య రోజుల్లో కుక్క మామూలుగా ఉండి, రక్త పరీక్షలు బాగుంటే అది చాలావరకు వంశపారంపర్య మూర్ఛే. తీగబొచ్చు బుల్లి డాక్స్‌హుండ్‌లో లఫోరా అనే వేరే రకం ఉంది. వెలుగు మెరిసినా, ఎదురుగా ఏదైనా చటుక్కున కదిలినా ఒళ్లు జలదరించినట్టు అదిరిపడుతుంది. దాని జన్యులోపం 2005లో బయటపడింది, ఇప్పుడు పరీక్ష ఉంది.

రెండు జబ్బులూ ఒకదాని వేషం ఒకటి వేయడంతోనే చిక్కు మొదలవుతుంది. మూర్ఛకు తరచుగా వాడే ఫినోబార్బిటాల్, పొటాషియం బ్రోమైడ్ రెండూ కుక్కను తూలేలా చేస్తాయి, బ్రోమైడ్ అయితే వెనక కాళ్ల పట్టే సడలిస్తుంది. అప్పటికే డిస్కు జబ్బున్న కుక్క అలా తూలితే ఇంటివాళ్లు వెన్ను మళ్లీ జారిందని కంగారుపడతారు. కొందరు దీనికి తలకిందులుగా, మందు మత్తులే అనుకుని విలువైన రోజు పోగొట్టుకుంటారు. రెండోదే ఎక్కువ ప్రమాదం. తేడా పట్టుకోవడానికి చూడాల్సినవి కొన్నే ఉన్నాయి. మందు తూలుడు మోతాదు పెంచిన రోజుల్లో మొదలై, రెండు పక్కలా సమంగా ఉంటుంది, నొప్పి ఉండదు. డిస్కు నొప్పిలో వీపు విల్లులా వంగుతుంది, ఎత్తుకోబోతే కుక్క కేకేస్తుంది, కడుపు రాయిలా బిగుసుకుంటుంది, మంచం వైపు చూసి ఎక్కకుండా ఆగిపోతుంది. కుక్కను నిలబెట్టి, వెనక పాదాన్ని మడిచి పైభాగం నేలకు ఆనించి వదలాలి. నరాలు బాగుంటే పాదం క్షణంలో తిరగబడి సరిగ్గా నిలుస్తుంది. మడిచినట్టే ఉండిపోతే వెన్నుపాము నుంచి కబురు అందడం లేదని అర్థం. మందు మత్తులో కూడా ఇది కాస్త నెమ్మదించవచ్చు. అందుకే ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే ఈ పరీక్ష చేసి ఆ కుక్క తీరు తెలుసుకుని ఉంచుకోవాలి.

మెడ డిస్కు జారితే కండరాలు అదురుతాయి, తల వంచి ఉన్నచోటే బిగుసుకుని కుక్క అరుస్తుంది. చూసేవాళ్లకు అది ఫిట్ లాగే అనిపిస్తుంది. అయితే స్పృహ పోదు, పిలిస్తే కళ్లు తిప్పుతుంది. మూత్రం కారడంలోనూ ఇదే గందరగోళం. ఫిట్‌లో ఒక్కసారిగా పోతుంది, చచ్చుబడిన మూత్రసంచి మాత్రం నిండి పొంగి చుక్కలు చుక్కలుగా కారుతూనే ఉంటుంది. నోటితో ఎంత వర్ణించినా వైద్యుడికి అందనిది ఫోనులో తీసిన అరనిమిషం వీడియోలో దొరుకుతుంది. తారీఖు, సమయం, ఎంతసేపు, ముందూ వెనకా ఏం జరిగింది అని రాసిపెట్టిన నోట్‌బుక్ కూడా అంతే పనికొస్తుంది. ఇదంతా చాదస్తమనే వాళ్లున్నారు. ఒక్క జబ్బే ఉన్న కుక్కకైతే వాళ్ల మాట కొంత ఒప్పుకోవచ్చు. రెండున్నప్పుడు మాత్రం మోతాదు పెంచాలా తగ్గించాలా అన్న ప్రశ్నకు ఆ పుస్తకం తప్ప వేరే సాక్ష్యం ఉండదు.

మందుల దగ్గరికొస్తే పేచీ ఇంకా పెరుగుతుంది. ఫినోబార్బిటాల్ ఆకలి పెంచుతుంది. ఆ ఆకలికి లొంగి పెట్టిన ప్రతి ముద్దా పొడుగాటి నడుం మీద బరువవుతుంది. మందు మొదలుపెట్టిన రోజే తిండి కొలిచి పెట్టడం మొదలవ్వాలి. దోసకాయ, ఉడికించిన బీన్స్ లాంటివి పొట్ట నింపుతాయి, బరువు పెంచవు. నడుం నొప్పికి అలవాటుగా రాసే ప్రెడ్నిసొలోన్ కూడా ఆకలినీ దాహాన్నీ పెంచేదే. పైగా రెండూ కాలేయ ఎంజైములను పెంచుతాయి గనక రక్త పరీక్షలో ఎవరి పాపం ఎంతో తేలదు. స్టిరాయిడూ, కార్ప్రొఫెన్ లాంటి నొప్పిమందూ ఒకేసారి వేస్తే కడుపులో పుండ్లు పడతాయి. ట్రమడాల్ ఫిట్స్‌కు దారి సులువు చేయవచ్చు. చచ్చుబడిన మూత్రసంచికి తరచూ సోకే ఇన్ఫెక్షన్‌కు రాసే ఎన్రోఫ్లాక్సాసిన్ విషయంలోనూ మూర్ఛ కుక్కకు జాగ్రత్త అవసరం. పిడుదులు, గోమార్లకు ఇచ్చే ఐసాక్సజోలిన్ వర్గపు బిళ్లల వల్ల కొన్ని కుక్కలకు ఫిట్స్ వస్తాయని 2018లో అమెరికా ఆహార ఔషధ సంస్థ హెచ్చరించింది. ఇక్కడి వాతావరణంలో పిడుదులను వదిలేయలేం గనక వేరే వర్గపు మందు అడగాలి. రెండు వైపులా పనికొచ్చేది ఒకటుంది, గాబాపెంటిన్. అది నరాల నొప్పినీ తగ్గిస్తుంది, మూర్ఛకు తోడు మందుగానూ సాయపడుతుంది. మనుషుల కోసం తయారైన దాని తియ్యటి ద్రావకాల్లో కొన్నిట్లో జైలిటాల్ ఉంటుంది, కుక్కకు అది విషం. క్యాప్సూలే తీసుకోవాలి.

బ్రోమైడ్ వాడే ఇంట్లో ఉప్పు కూడా ఒక మందే. మూత్రపిండాలు బ్రోమైడ్‌నూ ఉప్పులోని క్లోరైడ్‌నూ ఒకే దారిన పంపుతాయి. ఒక పూట ఉప్పులేని పెరుగన్నం పెట్టి, మరో పూట మనం తిని మిగిల్చిన పులుసన్నం, చిప్స్ పెడితే మందు మట్టం ఊగిపోతుంది. ఉప్పు ఎక్కువైతే బ్రోమైడ్ బయటికి పోయి ఫిట్స్ వస్తాయి. తక్కువైతే ఒంట్లో పేరుకుని వెనక కాళ్లు సడలుతాయి, అప్పుడు మళ్లీ వెన్ను మీద అనుమానం పడుతుంది. పులుసులోని ఉల్లిపాయ కుక్క రక్తానికి చేసే చేటు వేరే సంగతి. ఈ మందు ఒంట్లో నిలకడ మట్టానికి రావడానికే 3 నెలల దాకా పడుతుంది. అంత ఓపిగ్గా కట్టిన మట్టాన్ని తిండి చెడగొట్టకూడదు.

డిస్కు జారి, నొప్పి ఉన్నా నడక మిగిలిన కుక్కకు మొదటి వైద్యం కట్టడే. కనీసం 4 వారాలు దాన్ని కదలనీయకుండా చూడాలని 2022లో అమెరికా పశువైద్య నిపుణులు వెలువరించిన ఏకాభిప్రాయ పత్రం చెబుతోంది. దీనికి వచ్చే అభ్యంతరం తెలిసిందే: బోనులో పెట్టడం క్రూరత్వం, పైగా ఆందోళన పెరిగితే ఫిట్స్ వస్తాయి కదా అని. ఆందోళన మాట నిజమే. అయితే అది బోను వల్ల కంటే ఒంటరితనం వల్ల వస్తుంది. అందరూ తిరిగే గదిలోనే చుట్టూ తడక కట్టి, లోపల జారని పరుపు వేస్తే చాలా కుక్కలు రెండు మూడు రోజుల్లో సర్దుకుంటాయి. మూర్ఛ ఉన్నదానికి ఇరుకు ఇనప బోను పనికిరాదు, ఫిట్‌లో కాళ్లు, పళ్లు ఊచల మధ్య ఇరుక్కుంటాయి. తడక లోపలి వైపు బొంత కట్టాలి, నీళ్ల గిన్నె లోతు తక్కువగా ఉండాలి. టైల్స్ నేల మీద పాత యోగా చాపలు పరిస్తే నడుముకూ మంచిది, ఫిట్ తర్వాత దిక్కు తెలియక తిరిగేటప్పుడూ మంచిది. కోలుకునే దశలో ఈత కొట్టిస్తారు. ఈ కుక్కకు తేలే జాకెట్ ఉన్నా సరే, మనిషి చెయ్యి ఒంటి మీది నుంచి తీయకూడదు.

కాళ్లు చచ్చుబడితే మూత్రం తీయించే పని ఇంటివాళ్లదే. కుక్కను పక్కకు పడుకోబెట్టి, పొట్ట వెనక భాగాన రెండు అరచేతుల మధ్య తడిమితే నిమ్మకాయంతో, నిండి ఉంటే బత్తాయంతో బుడగ తగులుతుంది. వేళ్లతో గుచ్చకుండా అరచేతులతో నెమ్మదిగా ఒత్తుతూ, ధార ఆగేదాకా పట్టు నిలపాలి. మొదటిసారి వైద్యుడి చేతి కిందే నేర్చుకోవాలి. మామూలుగా రోజుకు 3, 4 సార్లు సరిపోతుంది. ఫినోబార్బిటాల్ దాహం పెంచుతుంది గనక ఈ కుక్కకు ఇంకోసారి కలపాల్సి రావచ్చు. నీళ్లు తగ్గించేస్తే సరి అనుకోవడం పొరపాటు, ఒంట్లో నీరు తగ్గితే మందు మట్టాలు చెడతాయి, ఇన్ఫెక్షన్ ముదురుతుంది.

మూర్ఛ ఉన్నదానికి మత్తిచ్చి ఆపరేషన్ చేయకూడదన్న భయం బాగా పాతుకుపోయింది. అందులో నిజం కొద్దిగానే ఉంది. వెన్నులోకి రంగుమందు ఎక్కించి తీసే పాతకాలపు ఎక్స్‌రే పరీక్ష తర్వాత ఫిట్స్ రావచ్చు, అందుకే ఎమ్మారై లేదా సీటీ మేలు. అవి పెద్ద నగరాల్లోనే దొరకడం జిల్లాల వాళ్లకు పెద్ద అడ్డంకి. ఆపరేషన్‌కు కడుపు ఖాళీగా ఉంచాలని మూర్ఛ బిళ్ల ఎగ్గొట్టడం మాత్రం మత్తు కంటే ఎక్కువ చేటు, ఫినోబార్బిటాల్ ఉన్నట్టుండి ఆపితేనే ఫిట్స్ వస్తాయి. కొద్ది నీళ్లతో బిళ్ల వేయడం గురించి ముందే అడిగి పెట్టుకోవాలి. ఇక ఆగితే ఏమవుతుందో చూడండి. కాలివేలిని గట్టిగా నొక్కితే కుక్కకు నొప్పి తెలుస్తున్నప్పుడే ఆపరేషన్ జరిగితే పదింటిలో తొమ్మిదికి పైగా మళ్లీ నడుస్తాయి. ఆ నొప్పి కూడా తెలియని స్థితికి చేరాక ఆ లెక్క సగానికి కాస్త పైకి పడిపోతుంది.

ఫిట్ వచ్చినప్పుడు చేతిలో తాళాలగుత్తి పెట్టే అలవాటు మన ఊళ్లలో మనుషుల విషయంలోనే ఇంకా పోలేదు. కుక్కకు కూడా నోట్లో చెంచా, ముక్కు దగ్గర ఉల్లిపాయ పెట్టేవాళ్లున్నారు. నోటి దగ్గర చెయ్యి పెడితే కరుస్తుంది, అంతకు మించి జరిగేదేమీ లేదు. లైటు తగ్గించి, గోడకూ మంచానికీ తగలకుండా దిండ్లు పెట్టి, గడియారం చూడాలి. 5 నిమిషాలు దాటినా, 24 గంటల్లో రెండోసారి వచ్చినా అత్యవసరం. వైద్యుడు ముందే రాసిచ్చిన మందు ఇంట్లో ఉండాలి. 2017లో 35 కుక్కల మీద జరిగిన అధ్యయనంలో ముక్కులో కొట్టిన మిడజోలం 70 శాతం వాటిలో ఫిట్‌ను ఆపింది, మలద్వారంలో ఇచ్చిన డయజెపాం 20 శాతంలోనే ఆపగలిగింది. వెన్ను జబ్బున్న కుక్కను ఫిట్‌లో ఉండగా కాళ్లు పట్టి లాగకూడదు. తప్పనిసరై ఎత్తితే ఒక చెయ్యి ఛాతీ కింద, ఒకటి పిర్రల కింద పెట్టి, వీపు వంగకుండా ఎత్తాలి. ఫిట్ పూర్తిగా తగ్గాక పాదం మడిచి చూసే పరీక్ష మళ్లీ చేయాలి, ఆ కుదుపుల్లో డిస్కు ఇంకాస్త జరిగి ఉండవచ్చు.

ఇంత బాధ ఎందుకు, ఇంజెక్షన్ ఇచ్చి నిద్రపుచ్చడమే దయ అనేవాళ్లది తేలికైన మాట కాదు. మూర్ఛ కుక్కల్లో దాదాపు మూడో వంతు మందులకు సరిగా లొంగవు. మోతాదులు సరిచూసి, రెండు మూడు మందులు కలిపినా గుత్తులు గుత్తులుగా ఫిట్స్ తప్పనప్పుడు ఆ మాట వినాలి. నొప్పి తెలివి పోయిన కుక్కల్లో పదింటికి ఒకదానికి వెన్నుపాము కరిగిపోతూ, పక్షవాతం రోజురోజుకూ ముందు కాళ్ల వైపు పాకుతుంది. అది ఊపిరి దాకా చేరకముందే ముగించడం మంచిది. మిగతా వాటి సంగతి వేరు. ఫిట్స్ నెలకో రెండు నెలలకో వస్తూ, వెనక కాళ్లు తిరిగి రాని కుక్క చక్రాల బండి మీద ఇంటి ముందు వీధంతా వాసన చూసుకుంటూ తిరగగలదు. దానికి ఫిట్స్ ఉన్నాయి గనక బండి కట్టినంతసేపూ ఒక మనిషి కనుచూపులో ఉండాలి. పట్టీల్లో బిగించి ఉండగా ఫిట్ వస్తే బండి తిరగబడి నడుమే మెలిపడుతుంది, అందుకే ఒక్క లాగుతో ఊడివచ్చే బకిల్ ఉన్న బండినే కొనాలి.