హాజరు పట్టీలో మేము

మునేటి ఒడ్డున కీసర. హైదరాబాదు–బెజవాడ రోడ్డు మీద కార్లలో పోయేవాళ్ళకి అదొక టోల్‌గేటు. మాకు మాత్రం మెట్ట కృష్ణాకి నడిబొడ్డు. ఒక వైపు నందిగామ, దానికి అవతల జగ్గయ్యపేట. యింకో వైపు కంచికచర్ల, పరిటాల, కొండపల్లి. 2022లో మా జిల్లా ఎన్టీఆర్ జిల్లా అయింది. మా నోట్లో మాత్రం యిప్పటికీ కృష్ణా జిల్లానే. యీ చుట్టుపక్కల వూళ్ళలో మా యిళ్ళు వూరికి పదో, యిరవయ్యో. రోడ్డు పక్కన పంక్చర్లు వేసేవాళ్ళం, పరుపులు కుట్టేవాళ్ళం, వేటమాంసం కొట్టేవాళ్ళం, మిరపతోటల్లో కూలికి పోయేవాళ్ళం.

మా గురించి రాసేవాళ్ళకి మసీదు కనపడుతుంది, బురఖా కనపడుతుంది, తలాక్ కనపడుతుంది. పలకా బలపం పట్టుకుని వూరి బడికి పోయిన మా పిల్లలు కనపడరు. ఆ పిల్లల్ని బడికి పంపిన మా అమ్మీలూ అబ్బాలూ అసలే కనపడరు. అందుకే బడి గురించి రాస్తున్నాం. మేము చదివింది ఏ వూరి బడి అనేది ముఖ్యం కాదు. యీ మెట్టలో ఏ వూళ్ళో చూసినా కథ దాదాపు అదే.

బడికి మేము కొత్తవాళ్ళం కాదు. 1822లో మద్రాసు గవర్నరు మన్రో జిల్లా కలెక్టర్ల చేత వీధిబడుల లెక్క తీయించాడు. మద్రాసు రాజధాని మొత్తం మీద 12,498 బడులు లెక్కకొచ్చాయి. పిల్లల్ని కులాల వారీగా గడులు గీసి రాశారు. బ్రాహ్మలకొక గడి, వైశ్యులకొకటి, శూద్రులకొకటి, మిగతా కులాలకొకటి. ముసల్మాన్లకీ ఒక గడి. అంటే రెండువందల యేళ్ళ కిందటే మేము బడిలో వున్నాం. లెక్కలోనూ వున్నాం. గడిలోనూ వున్నాం. ఆ గడి మాత్రం యివాళ్టికీ చెరగలేదు.

1882లో హంటర్ కమిషన్ వచ్చింది. ముసల్మాన్ల చదువుకి ప్రత్యేకంగా సాయం చెయ్యాలని చెప్పింది. మంచిదే. ప్రాథమిక, మాధ్యమిక బడుల్లో మాకు హిందుస్తానీలోనే చదువు చెప్పాలనీ అంది. అక్కడి ముసల్మాన్లు వేరే భాష కోరుకుంటే తప్ప అని ఒక మినహాయింపూ పెట్టింది. మా చదువు చరిత్ర అంతా ఆ ఒక్క ‘తప్ప’లో వుంది. మెట్ట వూళ్ళలో వున్న మమ్మల్ని, మీకు ఏ భాష కావాలి అని కూర్చోబెట్టి అడిగినవాళ్ళు లేరు. ముసల్మాను అంటే ఉర్దూ అని ప్రభుత్వం అనుకుంది. మా పెద్దల్లో కొందరూ అనుకున్నారు. వూళ్ళో హిందువులూ అనుకున్నారు.

నిజం ఏమిటి? మాలో షేకులు, సయ్యదులు, పఠాన్‌లు యింట్లో మాట్లాడేది దక్కనీ ఉర్దూ. లక్నో వాళ్ళు వింటే నవ్వే ఉర్దూ. సగం తెలుగు కలిసిన ఉర్దూ. దూదేకులవాళ్ళు, నూర్‌బాషీయులు మాట్లాడేది తెలుగే. నమాజు అరబ్బీలో, జోలపాట తెలుగులో. ఒకే వీధిలో, ఒకే మతంలో రెండు యింటి భాషలు. మరి ఎవరి మాతృభాషలో బడి పెడతారు?

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో రాష్ట్రాల విద్యామంత్రులు ఒక సూత్రం ఒప్పుకున్నారు. బడి మొత్తంలో 40 మందో, తరగతిలో 10 మందో ఒక భాష పిల్లలుంటే ఆ భాష చెప్పే టీచర్ని వెయ్యాలి. 1956లో రాజ్యాంగంలోకి 350-ఎ అధికరణం చేరింది. భాషాపరమైన మైనారిటీ పిల్లలకి ప్రాథమిక దశలో మాతృభాషలో చదువు చెప్పే ఏర్పాట్లు చూడమని రాష్ట్రాలకి చెప్పింది. కాగితం మీద బాగుంది. పదిహేను యిళ్ళున్న వూళ్ళో ఒక్క తరగతికి పదిమంది ఉర్దూ పిల్లలు ఎక్కడినుంచి వస్తారు? పట్నాల్లో మాకు ఆ హక్కు అందింది. వూళ్ళలో అంకెల దగ్గరే ఆగిపోయింది.

యీ నేల మీద యింకో చిక్కుంది. పరిటాల చుట్టూ వున్న కొన్ని వూళ్ళు 1948 దాకా నిజాం ఏలుబడిలోవి. వాటి చుట్టూ అంతా మద్రాసు రాజధాని. 1947లో పరిటాల ప్రజలు తమని తాము స్వతంత్రులుగా ప్రకటించుకున్నారు. అది గర్వపడాల్సిన చరిత్రే. కానీ దాని నీడ మా మీద పడింది. నిజాం ముసల్మాను కాబట్టి మేమంతా నిజాం మనుషులమయ్యాం. మా తాతలు మద్రాసు రాజధానిలో కూలీలు. నిజాం మొహం ఎరగరు. అయినా బడి ఆవరణలో గోలీలాటలో తగాదా వస్తే వాళ్ళ పిల్లలకి పడిన పేరు ‘రజాకార్’. ఆ మాటకి అర్థం తెలియని పిల్లలు యింటికొచ్చి అడిగితే, పెద్దవాళ్ళు అన్నం ముందు తలొంచుకుని కూర్చునేవారట.

మా వంతు వచ్చేసరికి ఆ మాట పోయింది. వేరేవి మిగిలాయి. బడిలో చేర్చడానికి అబ్బా వెంటబెట్టుకెళ్తే మొదటి ప్రశ్న, “ఇంటిపేరేంటి సాయిబూ?” మాకు ఇంటిపేర్లున్నవాళ్ళు తక్కువ. ‘షేక్’ అనే వాడు అబ్బా. మేష్టారు అదే రాసేవాడు. తరగతిలో అయిదుగురం షేకులముంటే, అందరూ అన్నదమ్ములేనా అని నవ్వు. పుట్టినరోజు అడిగితే, పీర్ల పండగ తర్వాత నాలుగో రోజు అని అమ్మీకి గుర్తు. పట్టీలో పడేది మాత్రం జూలై 1. మాలో చాలామందిమి జూలై 1నే పుట్టాం! నాగూర్ వలి, మస్తాన్, సైదులు – యీ పేర్లు మా వూళ్ళో హిందువులూ పెట్టుకుంటారు, దర్గాకి మొక్కుకుని. పేరులో కలిసిపోయినవాళ్ళం, గడి దగ్గరికి వచ్చేసరికి విడిపోయేవాళ్ళం.

ప్రార్థనలో సరస్వతీదేవికి చేతులు జోడించాలి. జోడించేవాళ్ళం. అది తప్పని మాకప్పుడు తెలియదు, ఒప్పనీ తెలియదు. దాదీ ఒకరోజు విని, “పెదాలు కదిలించు బేటా, మనసులో బిస్మిల్లా అనుకో” అంది. అయిదేళ్ళ పిల్లకి రెండు నాలుకల బతుకు ఆవిడ నేర్పింది. ప్రభుత్వ ఖర్చుతో నడిచే బడిలో మతబోధ వుండకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతుందని మాకు పెద్దయ్యాక తెలిసింది. సాంఘిక పాఠంలో ఘజనీ మహమ్మదు వచ్చినరోజు తరగతంతా వెనక్కి తిరిగి మా వైపు చూసేది. మేష్టారు చూడమనలేదు. చూడొద్దనీ అనలేదు.

అయితే యిదొక్కటే రాస్తే అబద్ధం రాసినట్టే. అదే బడిలో ఒక టీచరమ్మ వుండేది. మాల పల్లెలో క్రైస్తవ కుటుంబం నుంచి వచ్చింది. రంజాన్‌లో రోజా వున్న పిల్లల్ని ఎండలో డ్రిల్లుకి పంపకుండా చెట్టుకింద కూర్చోబెట్టేది. బక్రీదుకి మా యింటికొచ్చి సేమ్యా తినేది. మిరపకోతలప్పుడు పిల్లలు బడి మానేస్తే తోటల దాకా నడిచి వచ్చేది. యింకో మేష్టారు నిష్ఠగల బ్రాహ్మడు. మా చేతి నీళ్ళు తాగేవాడు కాదు. కానీ అయిదు పాసైన మా పిల్లని నందిగామ హైస్కూల్లో చేర్చడానికి టీసీ తనే రాసి, బస్సెక్కి తనే వెళ్ళి, ఫీజు తనే కట్టాడు. నీళ్ళు తాగనివాడిని తిట్టాలా? ఫీజు కట్టినవాడికి దణ్ణం పెట్టాలా? మా అమ్మీలు రెండూ చేశారు.

యీ మాట మా సెక్యులర్ మిత్రులకి చెప్పాలి. మాకు బడి మీద వున్నది ద్వేషమూ కాదు, భక్తీ కాదు. ముసల్మాన్లు పిల్లల్ని మదర్సాలకే పంపుతారు, బడికి పంపరు అని మీలోనూ కొందరంటారు. 2006లో సచార్ కమిటీ లెక్కలు చూడండి. బడి వయసు ముస్లిం పిల్లల్లో మదర్సాలకి పోయేవాళ్ళు దాదాపు 3 శాతం. ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లల్లో అసలు బడి మొహం చూడనివాళ్ళూ మధ్యలో మానేసినవాళ్ళూ కలిపి 25 శాతం. మా సమస్య మదర్సా కాదు. మధ్యలో తెగిపోయిన బడి.

ఎందుకు తెగింది? ఆడపిల్లని అయిదు తర్వాత ఎందుకు మాన్పించావమ్మా అని అడిగితే మా అమ్మీలు మతం పేరెత్తరు. “అక్కడ దొడ్డి లేదు. పైగా రోడ్డు దాటాలి” అంటారు. ఆ రోడ్డు లారీలు ఆగని రోడ్డు. 2003లో మధ్యాహ్న భోజనం వచ్చాక చిన్నపిల్లలు బడిలో నిలిచారు. 2010లో విద్యాహక్కు చట్టం అమల్లోకొచ్చి ఆడపిల్లలకి వేరే మరుగుదొడ్డి వుండాలంది. 2019 తర్వాత నాడు–నేడు పేరుతో చాలా బడులకి గోడలు, నీళ్ళు, దొడ్లు వచ్చాయి. సంతోషించాం. యింతలో 2022లో 117 జీవో వచ్చింది. మూడు, నాలుగు, అయిదు తరగతుల్ని హైస్కూళ్ళకి తరలించమంది. ఎనిమిదేళ్ళ పిల్లకి మళ్ళీ అదే రోడ్డు. 2025లో ఆ జీవో రద్దయింది. మూడేళ్ళలో మానేసిన పిల్లల్ని రద్దు జీవో వెనక్కి తేలేదు.

గడి సంగతి కూడా మారింది. దూదేకులకి 1970 జాబితా నుంచే బీసీ–బి వుంది. 2007లో మిగతా ముస్లింలలో 14 సమూహాలకి బీసీ–ఇ కింద 4 శాతం రిజర్వేషన్ వచ్చింది. 2010లో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అది నిలిచింది. యిప్పుడు ఒకటో తరగతిలో చేర్చేటప్పుడే మా వాళ్ళు హెడ్మాష్టారి బల్లమీదికి వంగి చూస్తున్నారు, ఏ అక్షరం రాశాడో అని. ‘సాయిబులకి కులమేంటి’ అన్న నోళ్ళే యిప్పుడు ‘మీది ఏ గ్రూపు’ అంటున్నాయి. మాలో మాకూ తగాదాలున్నాయి. దూదేకుల పిల్లని తమ పిల్లలతో సమంగా చూడని షేకులూ సయ్యదులూ మాలో వున్నారు. బయటివాళ్ళని నిలదీసే ముందు యీ మాట మా యింట్లో మేము చెప్పుకోవాలి.

భాష దగ్గరికి మళ్ళీ వద్దాం. 2022లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఉర్దూని రాష్ట్రమంతటా రెండో అధికార భాష చేసింది. గౌరవమే. కానీ మా వీధిలో తల్లులు ఏమంటున్నారు? ఒకామె, “ఉర్దూ బడి వుంటే వేసేదాన్ని. అయిదు దాకా చదివి తర్వాత ఎక్కడికి పోవాలి?” అంటుంది. యింకొకామె, “మా వాడు తెలుగులో చదివి పోలీసయ్యాడు. అదే మేలు” అంటుంది. మూడో ఆమె రెండూ వద్దు, ఇంగ్లీషే కావాలంటుంది. పంక్చర్ షాపు రోజు కూలి దాచి నందిగామ ప్రైవేటు స్కూలు బస్సు ఎక్కిస్తుంది. ముగ్గురూ ముసల్మాన్లే. ముగ్గురూ తమ పిల్లల మేలే కోరారు. వీళ్ళలో ఎవరు అసలైన ముస్లిం తల్లి అని తేల్చే హక్కు మౌల్వీకి లేదు, మంత్రికి లేదు, రచయితలమైన మాకూ లేదు.

మేము అడిగేవి పెద్దవి కావు. ఉర్దూ కోరుకున్న పిల్లకి వూరి బడిలోనే రోజుకో గంట ఉర్దూ చెప్పే టీచరు కావాలి, తరగతికి పదిమంది లెక్క తేలకపోయినా సరే. తెలుగు కోరుకున్న పిల్లని, తెలుగు యింత బాగా ఎలా వచ్చు అని ఆశ్చర్యంగా చూడకండి. అది మా భాష కూడా. ఘజనీ పాఠం చెప్పే రోజున, ఘజనీ ఎవడో వెనక బెంచీలో వున్న మస్తాను ఎవడో వేరుచేసి చెప్పండి. చేతులు జోడించని పిల్లని వరసలోంచి బయటికి లాగకండి.

పొద్దున హాజరు వేసేటప్పుడు మా పిల్ల పేరు సరిగ్గా పలకండి. ‘కరీమున్నీసా’ అని పూర్తిగా. ‘సాయిబుల పిల్ల’ అని కాదు. పూర్తి పేరుతో పిలిచిన రోజున ఆ పిల్ల ‘హాజర్’ అని గట్టిగా అంటుంది. ‘హాజర్’ అరబ్బీ నుంచి ఉర్దూలోకి, ఉర్దూ నుంచి తెలుగు బడిలోకి వచ్చిన మాట. అది ఎవరి మాటో బడిలో ఎవరూ అడగరు. మమ్మల్నీ అలాగే వుండనివ్వండి.