కాగితాలు చెప్పిన తల్లుల కథ



చరిత్ర అనగానే మనకు రాజులు, యుద్ధాలు, సంధులు గుర్తుకొస్తాయి. అమెరికాలో బానిసత్వం అంటే అబ్రహాం లింకన్ పేరు చెప్పి ఊరుకుంటాం. ఆయన పేరు చెప్పుకోవలసిందే. కాని దాదాపు రెండున్నర శతాబ్దాలపాటు ఆ కాడి మోసినవాళ్ళలో సుమారు సగంమంది ఆడవాళ్ళు. వాళ్ళ సంగతి తెలియాలంటే ఆనాటి చట్టాలు, జనాభా లెక్కలు, పేపరు ప్రకటనలు, ఉత్తరాలు చూడాలి. ఈవేళ అలాంటి కాగితాలు కొన్నింటి గురించి చెప్పుకుందాం.

మొదటిది ఒక చట్టం. 1662లో వర్జీనియా ఇంగ్లీషువాళ్ళ వలస. ఇంగ్లండు న్యాయం ప్రకారం బిడ్డకు తండ్రి హోదా వస్తుంది. వర్జీనియా శాసనసభ ఆ ఏడు దీన్ని తిరగేసి, బిడ్డ బానిసా కాదా అన్నది తల్లినిబట్టే నిర్ణయించాలంది. వినటానికి తల్లికి పెద్దపీట వేసినట్టే ఉంది కదూ! అసలు కిటుకు వేరు. బానిస స్త్రీకి పుట్టిన బిడ్డ, తండ్రి తెల్లదొర అయినా సరే, బానిసే. అంటే యజమాని తన కన్నబిడ్డనే ఆస్తి కింద రాసుకోవచ్చు, అవసరమైతే అమ్ముకోవచ్చు. తర్వాత 1808 నుంచి విదేశాల నుంచి బానిసల్ని దిగుమతి చేసుకోవటం నిషేధించారు. అయినా 1860 నాటికి బానిసలు 39 లక్షల 50 వేలు దాటారు. ఎలా పెరిగారంటారా? చాలావరకు ఈ తల్లుల కడుపున పుట్టినవాళ్ళే. ఆవు ఎవరిదో దూడా వాళ్ళదే అన్నట్టు!

రెండోది జనాభా లెక్కల పట్టిక. 1850లోనూ 1860లోనూ అమెరికా ప్రభుత్వం బానిసలకు వేరే పట్టిక రాయించింది. అందులో యజమాని పేరు ఉంటుంది. దాని కింద వరసగా వయసు, ఆడా మగా, ఒంటి రంగు. అంతే. దాదాపు ఎక్కడా బానిస పేరు ఉండదు. 30 ఏళ్ళ ఆడమనిషి, దాని కింద ఏడేళ్ళ పిల్ల కనిపిస్తే, వాళ్ళు తల్లీ బిడ్డలో కాదో ఆ కాగితం చెప్పదు.

మూడోది 1835లో ఒక పేపరులో పడిన ప్రకటన. పారిపోయిన 21 ఏళ్ళ బానిస పిల్లను పట్టిస్తే 100 డాలర్లు బహుమానమట. చక్కగా మాట్లాడుతుందనీ, కుట్టుపని బాగా వచ్చు గనుక మంచి బట్టలు కట్టుకుంటుందనీ గుర్తులు రాశాడు యజమాని నార్కం అనే డాక్టరు. ఎందుకు పారిపోయిందో మాత్రం రాయలేదు. ఆ సంగతి ఆ పిల్లే తర్వాత రాసింది. ఆమె పేరు హారియట్ జేకబ్స్. చిన్నతనం నుంచీ ఆ యజమాని వెంటపడి వేధించాడు. ఆమె దూరదేశం పోయిందనుకుని వాళ్ళు వెతుకుతూంటే, అదే ఊళ్ళో అమ్మమ్మ ఇంటి కప్పుకింద, తొమ్మిదడుగుల పొడుగు, ఏడడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తున్న అటకలో దాగింది. ఒకటి రెండు రోజులు కాదు, దాదాపు ఏడేళ్ళు! చెక్కకు చిన్న కన్నాలు చేసుకుని, కింద ఆడుకునే తన పిల్లల్ని చూసుకునేది. పిలిచే వీల్లేదు. 1842లో ఉత్తరాదికి తప్పించుకుంది. 1861లో మారుపేరుతో తన కథ అచ్చు వేయించింది. చాలామంది పండితులు అది కల్పన అన్నారు. జీన్ ఫేగన్ యెలిన్ అనే ఆవిడ పాత ఉత్తరాలు, దస్తావేజులు గాలించి, అది నిజంగా జేకబ్స్ రాసిన కథేనని 1987లో సాక్ష్యాలతో ప్రచురించింది. 126 ఏళ్ళు పట్టింది చూడండి, ఒక తల్లి మాట నమ్మటానికి!

ఇక విముక్తి. 1863 జనవరి 1న లింకన్ ప్రకటన వచ్చింది. కాని అది తిరుగుబాటు చేసిన ప్రాంతాలకే. దేశమంతటా బానిసత్వం రద్దయింది 1865 డిసెంబరులో, రాజ్యాంగానికి 13వ సవరణ ఆమోదం పొందాక.

ఆ ఏడే ఆగస్టులో జోర్డన్ యాండర్సన్ అనే ఆయన తన పాత యజమానికి ఒక ఉత్తరం పంపాడు. మళ్ళీ పనికి రమ్మని దొరే కబురు పెట్టాడు లెండి. చదువు రాని జోర్డన్ చెప్పి రాయించిన ఆ జవాబు పేపర్లలో కూడా పడింది. "వస్తాంగాని, ముందు పాత జీతం బాకీ తీర్చండి" అన్నది దాని సారాంశం. తనకు 32 ఏళ్ళకు నెలకు 25 డాలర్లు, భార్య మాండీకి 20 ఏళ్ళకు వారానికి 2 డాలర్లు. మొత్తం 11,680. మీరూ లెక్క వేసి చూడండి, సరిగ్గా సరిపోతుంది! అందులో తమ బట్టలకైన ఖర్చు, తనకు మూడుసార్లు డాక్టరు వచ్చిన ఖర్చు, మాండీకి పన్ను పీకించిన ఖర్చు మినహాయించుకోమన్నాడు. ఇక్కడ మాండీని అందరూ మిసెస్ యాండర్సన్ అంటున్నారనీ, పిల్లలు బడికి పోతున్నారనీ కూడా రాయించాడు. ఎదిగిన తన ఆడపిల్లలకు అక్కడ రక్షణ ఉంటుందా అని అడిగాడు. నన్నడిగితే ఆ ఉత్తరానికి ప్రాణం ఆ ప్రశ్నే. ఇంకో మాట. ఇంటి ఇల్లాలి చాకిరీకి కూడా జీతం కట్టి అడిగిన మొగుడు ఆ రోజుల్లో ఎందరున్నారు చెప్పండి?

1870 జనాభా లెక్కల్లో ఈ మనుషులకు మొదటిసారి అందరితోపాటు పేర్లు రాశారు. అప్పటికే నల్లవాళ్ళ పత్రికల్లో మరోరకం ప్రకటనలు పడుతున్నాయి. ఫలానా ఊళ్ళో ఫలానా దొరకు అమ్మేసిన నా బిడ్డ జాడ తెలిస్తే చెప్పండి అని తల్లులు, అమ్మ ఎక్కడుందో చెప్పండి అని పిల్లలు అచ్చు వేయించేవారు. ఇరవయ్యో శతాబ్దం వచ్చాక కూడా అవి ఆగలేదు. కలుసుకున్నవాళ్ళు కొందరే.

చట్టం బానిసత్వాన్ని తీసేసిందిగాని, అమ్మేసిన బిడ్డల్ని వెతికి తెచ్చిపెట్టలేదు. ఆ పని ఆ తల్లులకే మిగిలింది. ఈసారి మీ పిల్లలు చరిత్ర పాఠం వల్లె వేస్తూ 1865 అని తేదీ అప్పజెప్తే, ఆ తేదీ తర్వాత కూడా పత్రికల్లో బిడ్డల్ని వెతుక్కున్న ఈ తల్లుల సంగతి కూడా చెప్పండి.