కోసిన వలకు ఖరీదు కట్టిన కథ

ఈసారి పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

'తండేల్' సినిమా వచ్చినప్పటి నుంచి మన గ్రూపులో ఒకటే చర్చ. శ్రీకాకుళం మత్స్యకారులు సొంత సముద్రం వదిలి గుజరాత్‌లోని వెరావల్ దాకా ఎందుకు పోతున్నారని. మన పెద్దలు సిరిసిల్ల, కరీంనగర్, వరంగల్ వదిలి భివండికి ఎందుకు వచ్చారో వాళ్ళూ అందుకే పోతున్నారు. ఊళ్ళో పని చాలలేదు, అక్కడ దొరికింది. 2018 నవంబరులో పాకిస్తాన్ పట్టుకుపోయింది ఆ వెరావల్ బోట్ల మీద పనిచేసే మనవాళ్ళనే. 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర దేశంలో అడుగుపెట్టారు. ఆ కథ సినిమా వల్ల అందరికీ తెలిసింది. అదే వెరావల్‌లో వలల కథ ఇంకొకటి ఉంది. పోగు మీద బతికేవాళ్ళం కాబట్టి అది మనకు తొందరగా అర్థమవుతుంది.

వేల్ షార్క్ చేపలన్నిటిలోకి పెద్దది. పేరులో షార్క్ ఉన్నా మనిషి జోలికి రాదు. నీళ్ళలోని సన్నజీవాలను వడగట్టుకుని తింటుంది. 1990లలో సౌరాష్ట్ర తీరంలో దీన్ని పెద్ద గాలాలతో వేటాడేవారు. చేప లోతుకు పోకుండా గాలానికి పీపాలు కట్టేవారు. అందుకే అక్కడ దాని పేరే 'బ్యారెల్' అయిపోయింది. కాలేయం నుంచి తీసిన నూనె పడవ చెక్కలకు పూసేవారు, మాంసం విదేశాలకు పోయేది. మైక్ పాండే 2000లో తీసిన 'షోర్స్ ఆఫ్ సైలెన్స్' డాక్యుమెంటరీ ఈ వేటను బయటపెట్టింది. 2001 మే నెలలో వేల్ షార్క్‌ను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. పులికి ఉన్న రక్షణే దీనికీ వచ్చింది.

వేటను చట్టం ఆపగలదు. వేరే చేపల కోసం వేసిన వలలో తనంతట తాను వచ్చి చిక్కేదాన్ని ఏ చట్టం ఆపుతుంది? అంత పెద్ద ప్రాణిని వదిలించాలంటే వల కోయాల్సిందే. వల ఖరీదు వేల నుంచి లక్షల దాకా ఉంటుంది. కోయకపోతే కేసు, కోస్తే అప్పు.

2004లో వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా, టాటా కెమికల్స్, గుజరాత్ అటవీ శాఖ కలిసి ప్రచారం మొదలుపెట్టాయి. రామకథ చెప్పే మొరారి బాపు దీన్ని పురిటికి పుట్టింటికి వచ్చే కూతురితో పోల్చారు. గుజరాతీలో 'వ్హాలీ' అన్న ముద్దుపేరు వచ్చింది. ఈ కథ చెప్పేవాళ్ళు సాధారణంగా బాపు దగ్గరే ఆగిపోతారు. వినడానికి బాగుంటుంది మరి. నాకైతే అసలు పని ఆ తర్వాతే జరిగిందనిపిస్తుంది. కూతురని చెబితే మనసు కరగొచ్చు గానీ కొత్త వల రాదు. అటవీ శాఖ కోసిన వలకు పరిహారం ఇవ్వడం మొదలుపెట్టింది.

అందులోనూ ఒక చిక్కు వచ్చింది. అధికారులు వచ్చి కళ్ళారా చూస్తేగానీ పరిహారం రాదు. వాళ్ళు వచ్చేదాకా చేప గంటల తరబడి వలలోనే కొట్టుకునేది, బోటు పని ఆగిపోయేది. తర్వాత జాలర్ల చేతికే కెమెరాలు ఇచ్చారు. ఫోటో తీసి వెంటనే కోసి వదిలేస్తే చాలు, ఆ ఫోటోయే సాక్ష్యం. జాలరి మాటను నమ్మడమన్నమాట. మన దగ్గర సర్కారు కాగితం ఏదైనా అలా నమ్మిందా? అలా విడిచిన వేల్ షార్క్‌ల లెక్క ఇప్పటికి వందల్లో ఉంది.

మన మహారాష్ట్రలోనూ 2018 డిసెంబరులో ఇలాంటి పథకం వచ్చింది. రాష్ట్ర మాంగ్రోవ్ సెల్, మత్స్య శాఖ కలిసి తెచ్చాయి. తాబేలు గానీ, డాల్ఫిన్ గానీ, వేల్ షార్క్ గానీ, చట్టం రక్షించే సముద్ర ప్రాణి ఏదైనా చిక్కినప్పుడు వల కోసి వదిలితే 25,000 రూపాయల దాకా ఇస్తారు.

ఇదే లెక్క పక్షుల దగ్గర వేరేగా నడిచింది. దక్షిణ సముద్రాల్లో టూనా చేపకు పొడవాటి తాడుకు వేల గాలాలు కట్టి వదులుతారు. దాన్ని లాంగ్‌లైన్ అంటారు. ఎర మునిగేలోపు ఆల్బట్రాస్ పక్షి వచ్చి అందుకుంటుంది, గాలానికి చిక్కి నీళ్ళలోకి పోతుంది. ఒక్క జపాన్ బోట్ల వల్లే ఏటా కనీసం 44,000 ఆల్బట్రాస్‌లు చస్తున్నాయని టాస్మానియాకు చెందిన నైజెల్ బ్రదర్స్ 1991లో అంచనా వేశాడు. మందు మాత్రం జపాన్ జాలర్ల దగ్గరే ఉంది. బోటు వెనక ఎత్తున ఒక తాడు లాగి, దానికి రంగు పట్టీలు వేలాడదీస్తే పక్షి బెదిరి దగ్గరికి రాదు. మన పొలాల్లో దిష్టిబొమ్మ లాంటిదే. జపనీస్‌లో 'తోరి' అంటే పక్షి, అందుకే దాన్ని తోరి లైన్ అన్నారు. చిన్న పడవల్లో ఆ తాడు గాలాలతో చిక్కుపడుతుంది, అందుకని వాళ్ళు ఎర తొందరగా మునిగేలా బరువులు కడతారు, లేదా రాత్రిపూట వదులుతారు. పక్షి తిన్న ప్రతి ఎరా జాలరికి ఒక చేప నష్టం, కాబట్టి పక్షిని దూరం పెడితే లాభం అతనికే. వేల్ షార్క్‌ను వదిలితే జాలరికి మిగిలేది చిరిగిన వల. అందుకే అక్కడ పైసలు బయటి నుంచి రావాలి.

ఇక మనవాళ్ళ సంగతి. పరిహారం వలకు లెక్క కట్టేది, వల ఓనరుది. కత్తి పట్టుకుని నీళ్ళలోకి దిగేది కళాసీ. ఆ పూట పోయిన చేపకు, అతని కష్టానికి ఆ లెక్కలో గడి లేదు. సాంచా ఆగితే ఎవరి కూలి ఆగుతుందో పద్మనగర్‌లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. పథకం మంచిదే, నేను తప్పుపట్టడం లేదు. కానీ కోయాలా వద్దా అన్నది నడిసముద్రంలో నిమిషాల్లో తేలాలి. అప్పుడు కోసే చేతికీ ఏదో ఒకటి ముట్టాలి. ఓనరుకు వచ్చిన దాంట్లో కళాసీకి ఇంత అని కాగితం మీదే రాస్తే ఏం పోయింది?

ఆంధ్ర తీరంలోనూ ఇది మొదలైంది. 2022 డిసెంబరులో విశాఖ దగ్గర తంతడిలో దాదాపు రెండు టన్నుల వేల్ షార్క్ వలలో చిక్కి ఒడ్డుకు వచ్చింది. జాలర్లు, అటవీ సిబ్బంది కలిసి దాన్ని మళ్ళీ లోతు నీళ్ళలోకి పంపారు. పాడైన వలకు నష్టం ఇస్తామని అటవీ అధికారులు చెప్పారు.

మీకు తెలిసినవాళ్ళు గుజరాత్, మహారాష్ట్ర బోట్ల మీద ఉంటే ఈ సంగతి చెప్పండి. వల కోసే ముందు ఫోన్‌లో ఒక ఫోటో, వదిలేటప్పుడు ఒక వీడియో తీసుకోమనండి.