మంచును విసరు చక్రము

కెనడా దేశమందును, అమెరికా సంయుక్త రాష్ట్రముల ఉత్తర భాగమందును శీతకాలమున ఇంటి ముంగిట మోకాలిలోతు మంచు పడుట సామాన్యము. దానిని తొలగించి దారి చేసికొనుటకు అచ్చటి గృహస్థులు చేతితో పట్టి నడపు ఒక యంత్రమును వాడుదురు. ముందరనున్న మరచుట్ట మంచును తవ్వి నడిమికి చేర్చును. దాని వెనుక తిరుగు రెక్కల చక్రము ఆ మంచును పై నాళము గుండ పది మీటర్ల దూరమునకు విసరును. ఏండ్ల తరబడి చక్కగా పనిచేసిన యీ యంత్రము ఒకనాడు మంచును విసరుట మాని, తన ముందరనే కుప్పగా దింపనారంభించును. ఇంజను మ్రోగుచునే యుండును. చక్రము తిరుగుచునే యుండును. మంచు మాత్రము పోదు. ఆ దేశములలో స్థిరపడిన మన తెలుగువారిలో ఈ యిబ్బంది యెరిగినవారు లేకపోలేదు.

ఇది క్రొత్త తగవు కాదు. మంచును త్రోయుట వేరు, విసరుట వేరు అను సంగతి రైలుబండ్ల కాలముననే తెలిసివచ్చినది. మొదట రైలు మార్గములపై మంచును తొలగించుటకు పెద్ద ఇనుప నాగలి వంటి దానిని బండికి ముందు కట్టి, వెనుకనుండి పలు ఇంజనులతో గ్రుద్దించెడివారు. మైదానమున అది పనిచేసెను. కాని కొండలను తొలిచి వేసిన ఇరుకు దారులలో ప్రక్కకు నెట్టిన మంచునకు పోవుటకు చోటు ఉండదు. అచ్చట మంచును పైకెత్తి, గట్టు దాటునట్లు విసరవలసినదే.

ఈ ఉపాయము మొదట తోచినది ఒక దంతవైద్యునికి! టొరాంటో నగరవాసియైన జె. డబ్ల్యు. ఎలియట్ 1869లో తిరుగు చక్రముగల మంచునాగలిని కల్పించెను. అది కాగితముపైననే నిలిచిపోయెను. తరువాత ఆంటేరియో రాష్ట్రములోని ఆరెంజ్‌విల్ నివాసియగు ఆరెంజ్ జల్ అనునతడు ఆ కల్పనను పెంపొందించి, చిన్న నమూనాలు చేసి, ఇసుకతో పరీక్షించి చూచెను. పొడి ఇసుక రెక్కలకు అంటుకొనదు. తడి మంచు అంటుకొనును. కావున ఆ పరీక్ష సగము సత్యమునే చెప్పియుండునని నాకు తోచుచున్నది. ఏమైనను 1883-84 శీతకాలమున లెస్లీ సోదరులు అతని కల్పన ననుసరించి పూర్తి పరిమాణముగల యంత్రమును నిర్మించిరి. అది పనిచేసెను. హక్కులు లెస్లీ సోదరులకు చేరినవి.

ఆ యంత్రములో గమనింపదగిన దొకటి కలదు. చక్రమును త్రిప్పు ఆవిరి ఇంజను నాగలి పెట్టెలోననే యుండును. కాని ఆ పెట్టె తనంతట తాను కదలదు. వెనుకనుండి వేరొక రైలింజను దానిని త్రోయవలెను. విసరు శక్తి వేరు, ముందునకు నడచు శక్తి వేరు. చక్రము విసరగలిగిన దానికంటె ఎక్కువ మంచును వెనుకటి ఇంజను దాని నోటికి అందించినచో చక్రము ఉక్కిరిబిక్కిరియై నిలిచిపోవును. అందుచేత ముందున్నవారును, వెనుకనున్నవారును ఈలల సంకేతములతో ఒండొరులకు తెలుపుకొనుచు నడుపవలసి వచ్చెడిది.

జల్ అనంతరము మరచుట్ట ఆకారముగల వేరొక యంత్రమును చేసెను గాని అది లెస్లీ చక్రముముందు నిలువలేదు. నేటి గృహయంత్రములలో మరచుట్ట మరల కనిపించుచున్నది. అయితే ఇందు దాని పని తవ్వి చేర్చుటయే. విసరు పని చక్రమునకే విడువబడినది.

ఈ చక్రమునకు సాధ్యముకాని పనియు కలదని 1910లో తెలిసినది. వాషింగ్టన్ రాష్ట్రములోని స్టీవెన్స్ కనుమవద్ద, వెల్లింగ్టన్ అను చిన్న స్టేషనులో, రెండు రైళ్లు దినముల తరబడి మంచులో చిక్కుకొనెను. కొండచరియలనుండి జారిపడిన మంచుతో చెట్లును, బండలును కలిసియుండెను. మంచును కోయు కత్తులు మ్రానులను కోయలేవు. చక్రయంత్రములుండియు దారి తెరువబడలేదు. మార్చి 1వ తేదీన, అర్ధరాత్రి దాటిన పిమ్మట, కొండపై మంచు విరిగిపడి ఆ రైళ్లను లోయలోనికి త్రోసివేసెను. 96 మంది మరణించిరి. 1952 జనవరిలో కాలిఫోర్నియాలోని సియెర్రా నెవాడా కొండలలో ఒక ప్రయాణికుల రైలు 226 మందితో మూడు దినములు మంచులో నిలిచిపోయినపుడును, దానిని విడిపింపబోయిన చక్రయంత్రములు తామే చిక్కుపడినవి. ఆ పర్యాయము ప్రయాణికులు బ్రతికి బయటపడిరి.

రహదారులకు ఈ విద్యను తెచ్చినవాడు క్విబెక్ రాష్ట్రపు ఆర్థర్ సికార్డు (1876-1946). ధాన్యము నూర్చు యంత్రము గడ్డిని దూరముగా చిమ్ముట చూచి అతనికి ఈ యూహ కలిగినదందురు. ఊహకును, యంత్రమునకును నడుమ మూడు దశాబ్దములు గడచినవి. 1925లో అతడు లారీ చట్రముపై మొదటి యంత్రమును సిద్ధపరచెను. అది మంచును 30 మీటర్ల దూరము వరకు విసరగలిగెను. అతడును చక్రమునకు ప్రత్యేకముగా ఒక ఇంజనును అమర్చుట గమనింపుడు. 1927లో మాంట్రియల్ చెంతనున్న ఊత్రెమాంట్ పురపాలక సంఘమువారు ఒక యంత్రమును కొనిరి. 1960లో ఏర్పడిన మన సరిహద్దు రహదారుల సంస్థవారు హిమాలయ కనుమలను తెరచుటకు ఇట్టి చక్రయంత్రములనే వాడుచున్నారు.

1950 తరువాత ఇవి ఇంటింటికి చేరినవి. అమెరికాలోని ఏరియన్స్ సంస్థవారు 1960లో మరచుట్టయు చక్రమును గల యంత్రమును విక్రయింప మొదలిడిరి. ధర తగ్గుటకై ఇందు ఒకే ఇంజను నడకకును, విసరుటకును చాలవలసి వచ్చినది. లోపములు వెదకవలసిన చోటు ఇదియే.

చిన్న లెక్క చేసి చూతము. చక్రపు వ్యాసము 30 సెంటీమీటర్లు, వేగము నిమిషమునకు 1000 చుట్లు అనుకొందము. రెక్క కొన సెకనుకు సుమారు 15.7 మీటర్లు పోవును. ఆ వేగముతో 45 డిగ్రీల కోణమున విడిచిన వస్తువు, గాలి అడ్డు లేనిచో, 25 మీటర్ల దూరమున పడును. గాలియు, నాళపు రాపిడియు దీనిలో పెద్ద భాగమును హరించును. బెల్టు జారి చక్రపు వేగము 700 చుట్లకు దిగినదనుకొనుడు. దూరము వేగముయొక్క వర్గము ననుసరించును గనుక 25 మీటర్లు 12 మీటర్లగును. వేగములో మూడు పాళ్లు తగ్గినంతమాత్రమున దూరము సగమయ్యెను! కంటికి చక్రము గిరగిర తిరుగుచునే యున్నట్లు కనబడును. అందుకే యజమాని మోసపోవును.

కావున ముందు చెవికి పని చెప్పవలెను. మంచులో దిగగానే ఇంజను శబ్దమే కుంగినచో తప్పు ఇంజనుది. పాత పెట్రోలు జిగురుగా మారి కార్బురేటరులోని సన్నని రంధ్రమును మూయుట తరచుగా కనబడు కారణము. ఇంజను శబ్దము తగ్గక, విసరు దూరమే తగ్గినచో బెల్టును అనుమానింపవలెను: అది అరిగి నున్నబడి యుండవచ్చును, సాగి వదులై యుండవచ్చును. మరచుట్టలో ఒక ప్రక్క మాత్రమే తిరుగుచున్నచో అచ్చటి మెత్తని బోల్టు తెగినదన్నమాట. రాయి తగిలినపుడు పండ్లచక్రముల పెట్టె పగులకుండ తాను తెగిపోవుటకే దానిని అట్లు చేసిరి. గట్టి బోల్టు వేసి బలపరచితినని సంతోషించువాడు మరుసటి రాయితో పెట్టెనే పోగొట్టుకొనును.

పొడి మంచు చక్కగా పోయి, తడి మంచు మాత్రమే నిలిచిపోవుచున్నచో కారణము మరియొకటి. అప్పుడే కురిసిన పొడి మంచు ఘనమీటరుకు 50 నుండి 100 కిలోగ్రాములు తూగును. తడిసి గట్టిపడినది దానికి నాలుగైదు రెట్లుండును. దాని రేణువుల నడుమనున్న నీరు ఇనుమునకు పట్టుకొనును. రెక్క కొనకును, డోలు గోడకును నడుమ ఆరేడు మిల్లీమీటర్ల సందున్నచో తడి మంచు నాళములోనికి పోక ఆ సందులోనుండి జారి వెనుకకు తిరుగును. రెక్కలకు రబ్బరు పట్టీలు బిగించి ఆ సందును మూయుట, నాళము లోపల మైనము పూయుట వాడుకలో నున్నవి. అన్నిటికంటె సులభమైనది నడక వేగమును తగ్గించి చక్రమునకు మింగగలిగినంతయే పెట్టుట.

నాళము పూడినపుడు ఇంజను ఆపి చేయి పెట్టి తీయబోయి వ్రేళ్లు పోగొట్టుకొన్నవారు కలరు. ఇంజను ఆగినను, చిక్కుకొన్న చక్రమును లాగుచున్న బెల్టులో బిగువు మిగిలియుండవచ్చును. మంచు వదలగానే చక్రము ఒక్క విసురున తిరుగును. అందుచేతనే నేటి యంత్రములకు నాళము శుభ్రపరచు చిన్న కర్రయో, ప్లాస్టికు గరిటెయో తగిలించి అమ్ముచున్నారు.