గుర్రం దొంగ రాసిన ఉత్తరాలు

‘ద్వీపాంతరవాసం’ అనగానే మనకు అండమాన్ గుర్తొస్తుంది, సెల్యులార్ జైలు గుర్తొస్తుంది, సంకెళ్ళతో నడిచే మగవాళ్ళు గుర్తొస్తారు. ఆడవాళ్ళు తట్టరు. అండమాన్‌కి ఆడ ఖైదీలనూ పంపారు. కొన్నేళ్ళ శిక్ష అయ్యాక అక్కడి మగ ఖైదీలను పెళ్ళాడనిచ్చారు. ఈ ఏర్పాటు బ్రిటిష్‌వాళ్ళకి కొత్తదేం కాదు. అంతకు 70 ఏళ్ళ ముందే సొంత దేశపు ఆడవాళ్ళ మీద ప్రయోగించి చూసుకున్నారు. 1788 నుంచి 1853 దాకా సుమారు 25,000 మంది స్త్రీలను ఓడలెక్కించి ఆస్ట్రేలియాకు తోలారు. ఎక్కువమంది చేసినవి చిల్లర దొంగతనాలే. చాలామందికి పడిన శిక్ష ఏడేళ్ళు. కానీ ఏడేళ్ళు తీరాక తిరిగి రావాలంటే ఛార్జీ ఎవరిది వాళ్ళదే. మగవాడైతే ఏదో ఓడలో పనికి కుదిరి ఊరు చేరొచ్చు. ఆడదానికి ఆ దారి లేదు. అంటే కాగితం మీద ఏడేళ్ళు, బతుకులో యావజ్జీవం.

వీళ్ళ మీద ఇంగ్లీషులో చారిత్రక నవలలు బోలెడు. కొన్ని వరసపెట్టి చదివాను. చదివించే గుణం వాటికి ఉంది, కాదనను. కానీ పోనుపోనూ ఒక సంగతి పంటి కింద రాయిలా తగలడం మొదలైంది. నాయిక నిజంగా తప్పు చేసి ఉండదు. చేసినా, ఎవరైనా చూసి ‘అయ్యో పాపం’ అనుకునేంత చిన్న తప్పయి ఉంటుంది. క్రిస్టీనా బేకర్ క్లైన్ 2020లో రాసిన ‘ది ఎగ్జైల్స్’ చూడండి. గవర్నెస్ ఎవాంజెలిన్ దగ్గర దొరికిన కెంపు ఉంగరం దొంగ సొత్తు కాదు, యజమాని కొడుకు ఇచ్చింది. హేజెల్ అనే పిల్ల దొంగిలించింది ఒక్క వెండి చెంచా. మంచి నవలే. అయినా నాకో అనుమానం: ఎవాంజెలిన్ ఆ ఉంగరాన్ని నిజంగానే కొట్టేసి ఉంటే, మనం ఆమెతో పాటు ఆ ఓడెక్కేవాళ్ళమా?

ఈ అనుమానం ఊరికే రాలేదు. టాస్మేనియాకు (అప్పటి పేరు వాన్ డీమెన్స్ ల్యాండ్) చేరిన ఖైదీల ప్రవర్తన రిజిస్టర్లు ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. దిగినదిగినట్టే ప్రతి మనిషి ఎత్తు, కళ్ళ రంగు, ఒంటి మీది మచ్చలు రాసుకున్నారు. తర్వాత ఏళ్ళ తరబడి ఆమె చేసిన తప్పులు, వాటికి వేసిన శిక్షలు. యజమానురాలికి ఎదురు చెప్పింది. తాగింది. చెప్పకుండా రాత్రి బయటికి పోయింది. పని చెయ్యనంది. ఇలాంటివి చేసినవాళ్ళను హోబార్ట్‌లో కాస్కేడ్స్ ఫిమేల్ ఫ్యాక్టరీకి తోలేవారు. ఒకప్పటి సారా బట్టీని 1828లో ఆడవాళ్ళ జైలుగా మార్చారు, అదీ ఆ ‘ఫ్యాక్టరీ’. అక్కడ ఒంటరి కొట్లు, రొట్టె-నీళ్ళ శిక్షలు, జుట్టు కత్తిరించడాలు. ఆ రిజిస్టరు రాసిన గుమస్తా ఆమె పొగరు గురించి రాశాడు. నవలాకారులేమో ఆ పొగరును కాస్త కడిగి, దువ్వి మన ముందుకు తెస్తారు.

కడిగి దువ్వడంలో అందరికన్నా ముందున్నవాడు రిచర్డ్ కాబోల్డ్ అనే చర్చి గురువు. 1845లో ‘ది హిస్టరీ ఆఫ్ మార్గరెట్ కాచ్‌పోల్’ రాశాడు. ఇది కల్పన కాదు, నిజచరిత్ర అని పాఠకులను నమ్మించాడు కూడా. జనం నమ్మకపోవడానికి కారణం లేదు. మార్గరెట్ వాళ్ళింట్లోనే పనిచేసింది కదా!

మార్గరెట్ పుట్టింది 1762లో, ఇంగ్లండ్‌లోని సఫోక్ పల్లెల్లో. ఇప్స్‌విచ్ పట్నంలో బీరు వ్యాపారి జాన్ కాబోల్డ్ ఇంట్లో పిల్లల్ని చూసుకుంటూ వంట చేసేది. చదవడం, రాయడం అక్కడే అబ్బాయి. కొన్నాళ్ళకి ఆ పని మానేసింది. 1797లో ఒక రాత్రి పాత యజమాని గుర్రాన్నే విప్పుకుని, మగవేషంలో లండన్ దాకా, ఇంచుమించు 110 కిలోమీటర్లు, స్వారీ చేసింది. అమ్మబోతూ దొరికిపోయింది. ఉరిశిక్ష వేశారు, తర్వాత తగ్గించారు. 1800లో ఇప్స్‌విచ్ జైలు నుంచి 22 అడుగుల గోడ దాటి పారిపోయింది. మళ్ళీ దొరికింది, మళ్ళీ ఉరిశిక్ష, మళ్ళీ తగ్గింపు. ఈసారి యావజ్జీవ ద్వీపాంతరం. 1801 డిసెంబరులో సిడ్నీలో దిగింది.

ఇంతటి మనిషిని కాబోల్డ్ ఏం చేశాడో చూడండి. ఆమెకు విల్ లాడ్ అనే స్మగ్లర్ ప్రియుణ్ణి ఇచ్చాడు. గుర్రం దొంగతనం అతని కోసమే, జైలు గోడ దూకిందీ అతని కోసమే. ఆడది అంత సాహసం చేస్తే వెనకాల ఒక మగాడుండాలి, లేకపోతే ఆ కాలానికి మింగుడుపడదు. ఆస్ట్రేలియాలో ఆమెను ఒక డబ్బున్న మంచివాడికిచ్చి పెళ్ళి చేశాడు. 1841లో గౌరవంగా కన్నుమూయించాడు.

అసలు మార్గరెట్ 1819 మే నెలలోనే పోయింది. పెళ్ళి చేసుకోలేదు.

ఈ సంగతి ఎలా తెలిసిందంటే, ఆమె ఉత్తరాలు మిగిలాయి. ఖైదీ స్త్రీలలో ఇంత అదృష్టం బహు తక్కువమందికి పట్టింది. పాత యజమానురాలు ఎలిజబెత్ కాబోల్డ్‌కీ, సొంత బంధువులకీ రాసినవి, ఇప్పుడు సిడ్నీలోని స్టేట్ లైబ్రరీలో ఉన్నాయి. స్పెల్లింగు అంతా తన సొంతం, చెవికి ఎలా వినిపిస్తే అలా. పెళ్ళి మీద మనసు లేదని తనే రాసుకుంది. మంత్రసానిగా, నర్సుగా పనిచేసింది. హాక్స్‌బరీ నది ఒడ్డున చిన్న పొలం చూసుకుంది. ఆ నదికొచ్చిన వరదల గురించి రాసింది. 1814లో క్షమాభిక్ష దొరికాక కూడా ఇంగ్లండ్ వెళ్ళలేదు. జబ్బుపడిన ఒక గొర్రెల కాపరికి సేవ చేస్తూ ఆ జ్వరమే తనకూ అంటుకుని పోయింది. ఆ ఆఖరి ఘట్టం కాబోల్డ్ చేతికి ఎలా దొరకలేదో నాకు అర్థం కాదు. కల్పన కన్నా బాగుంది.

అయితే ఆ ఉత్తరాలు చదివితే ఆమె మీద ప్రేమ పొంగిపొర్లుతుందనుకోవద్దు. అక్కడి ఆదివాసుల గురించి ఆమె రాసినవి కటువుగా ఉంటాయి. వాళ్ళు ఈటెలతో తిరిగే, దోచుకునే మనుషులు, అంతే. హాక్స్‌బరీ తీరం దారుగ్ జనం నేల. ఆ నేలను పోగొట్టుకుంటున్నది వాళ్ళు, దాన్ని దున్నుతున్నది ఈమె లాంటివాళ్ళు. తన దేశం వెళ్ళగొట్టిన మనిషే ఇంకొకరిని వెళ్ళగొట్టే పనిలో ఒక చెయ్యి అయింది. కాబోల్డ్ దువ్వి పెట్టిన మార్గరెట్ ఈ బరువును మొయ్యలేదు. ఇక్కడ మాత్రం క్లైన్‌ని మెచ్చుకోవాలి. తన నవలలో ఖైదీ స్త్రీల పక్కనే మాతిన్నాను నిలబెట్టింది. మాతిన్నా నిజంగా బతికిన ఆదివాసీ పిల్ల. వాన్ డీమెన్స్ ల్యాండ్ గవర్నరు సర్ జాన్ ఫ్రాంక్లిన్, ఆయన భార్య జేన్ ఆమెను తెచ్చి పెంచుకున్నారు. ఎర్ర గౌను వేయించి 1842లో థామస్ బాక్ చేత బొమ్మ గీయించారు. 1843లో ఇంగ్లండ్ వెళ్ళిపోతూ అనాథాశ్రమంలో వదిలేశారు.

అదే జేన్ ఫ్రాంక్లిన్‌కి 1841లో ఒక బొంత కానుకగా వెళ్ళింది. ఆ ఏడాది ‘రాజా’ అనే ఓడలో 180 మంది ఖైదీ స్త్రీలు హోబార్ట్ వచ్చారు. జైళ్ళ సంస్కరణకు పేరుపడ్డ ఎలిజబెత్ ఫ్రై సంఘం ప్రతి ఒక్కరికీ సూదులు, దారం, గుడ్డపేలికలు ఇచ్చి పంపేది. ఏప్రిల్ నుంచి జులై దాకా సాగిన ప్రయాణంలో కొందరు 2,815 ముక్కలు కలిపి కుట్టారు. హోప్ ఆడమ్స్ ‘డేంజరస్ విమెన్’ నవలకు ఈ ఓడే ఆధారం. ఓడ మీద కత్తిపోటు, హంతకురాలెవరన్న వెతుకులాట ఆమె కల్పన. నాకది బాగా నచ్చింది. కారణం కత్తిపోటు కాదు. ఆ నవలలో ఒక ఖైదీ వేరొకరి పేరు పెట్టుకుని ఓడెక్కుతుంది. అబద్ధమాడుతుంది, భయపడుతుంది, కుట్టు బాగా కుడుతుంది. మచ్చలతో సహా మనిషి.

బొంత ఆ తర్వాత ఎటో పోయి, 1987లో స్కాట్లండ్‌లో ఒక అటక మీద బయటపడింది. ఇప్పుడు కాన్‌బెర్రాలోని నేషనల్ గ్యాలరీలో ఉంది. దాని మీద సన్నటి అక్షరాలు కుట్టి ఉన్నాయి. ఓడ పేరుంది, సాయం చేసిన దొరసానుల సంఘానికి కృతజ్ఞతలున్నాయి. కుట్టినవాళ్ళను ‘ఖైదీలు’ అని మాత్రం అన్నారు.