మరోదా తెలుగువారు: నివాస, కుల ధ్రువపత్రాలు, ఉచిత న్యాయసహాయం

మరోదా ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, భిలాయి ఉక్కు నగరంలో ఒక భాగం. ఉక్కు కర్మాగారానికి నీరందించే జలాశయం ఇక్కడే ఉంది. ఆ కర్మాగారం కోసం 1955లో సోవియట్ యూనియన్‌తో ఒప్పందం కుదిరాక పని కోసం భిలాయి చేరినవారిలో తెలుగువాళ్లూ ఉన్నారు.

వీరి పౌరసత్వానికి ఢోకా లేదు. దేశమంతటికీ ఒకే పౌరసత్వం. ఎక్కడైనా స్థిరపడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణంలోనే ఉంది. చిక్కంతా తహసీల్ కార్యాలయంలో మొదలవుతుంది. చదువుకూ ఉద్యోగానికీ నివాస పత్రం కావాలి. ఛత్తీస్‌గఢ్‌లో పుట్టడమో, ఏళ్ల తరబడి ఉండడమో చూపితే అది దొరుకుతుంది. కుల పత్రం అలా కాదు. ఎస్సీలైతే 1950 ఆగస్టు 10, ఎస్టీలైతే 1950 సెప్టెంబరు 6, ఓబీసీలైతే 1984 డిసెంబరు 26 నాటికే కుటుంబం ఇక్కడ ఉన్నట్టు రుజువు చూపాలి. ‘మిసల్’ అనే పాత భూమి రికార్డు నకలు తెమ్మంటారు. 1955 తర్వాత ఉక్కు పనికి వచ్చినవాడి పేరు అందులో ఎలా ఉంటుంది? ఇక్కడే పుట్టి పెరిగిన మనవళ్లకు కూడా అదే అడ్డు. ఇది అన్యాయమనే చెప్పాలి.

న్యాయస్థానం దారి కూడా ఇరుకే. తెనాలిలో పుట్టి, తండ్రి ఉద్యోగరీత్యా బొంబాయి చేరిన గిరిజన విద్యార్థి మర్రి చంద్రశేఖర్ రావు వైద్య కళాశాల సీటు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లాడు. వలస వచ్చిన రాష్ట్రంలో సొంత రాష్ట్రపు ఎస్టీ హోదా వర్తించదని 1990లో రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది. 2018లో బీర్ సింగ్ కేసులోనూ అదే మాట. అయితే తండ్రికి సొంత రాష్ట్రం ఇచ్చిన పత్రం చూపితే, పిల్లలకు ఉంటున్న రాష్ట్రంలోనే పత్రం ఇవ్వొచ్చని కేంద్రం 1982లో చెప్పింది. కానీ ఆ పత్రంతో ఛత్తీస్‌గఢ్ రిజర్వేషన్ రాదు.

ఏ దారి తెరిచి ఉందో తెలుసుకోవడానికి డబ్బు పోయనక్కర్లేదు. 1987 నాటి న్యాయసేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఎస్సీ, ఎస్టీలు, మహిళలు, పిల్లలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత వకీలుకు అర్హులు. మిగతావారికి ఆదాయ పరిమితి ఉంది. కోర్టులోనే కాదు, అధికారుల ముందు నడిచే వ్యవహారాలకూ ఈ సహాయం వర్తిస్తుంది. దుర్గ్ జిల్లా న్యాయసేవల సంస్థలో దరఖాస్తు చేసుకోవచ్చు. 15100కు ఫోన్ చేసినా చాలు. తహసీల్లో దరఖాస్తు తిరస్కరిస్తే నోటిమాటతో వెనుదిరగకండి, ఉత్తర్వు రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. అప్పీలుకు అదే ఆధారం.